గాయాన్ని మళ్లీ రేపకుండా అడగడం ఎలా: ట్రామాకు గురైనవారితో సామాజిక పరిశోధన

హింస, ప్రమాదం, యుద్ధం, విపత్తు, ఆప్తుల హఠాన్మరణం. వీటిలో దేన్ని అనుభవించినవారైనా ఒక మాట తరచూ చెబుతారు: "ఆ క్షణంలో నా చేతిలో ఏమీ లేదు." ఎవరు దగ్గరికి రావాలో, ఏం జరగాలో, ఎప్పుడు ఆగాలో తను నిర్ణయించలేకపోవడమే ట్రామాలో, అంటే అలాంటి ఘటన మనసుకు చేసే గాయంలో, అతి లోతుగా దిగే ముల్లు. ఇప్పుడు ఒక మామూలు పరిశోధన ఇంటర్వ్యూని అటువైపు కూర్చుని చూడండి. సమయం పరిశోధకులుగా మీరు చెప్పారు. చోటు మీరు ఎంచారు. ప్రశ్నలు మీవి, రికార్డర్ మీది, తర్వాతి ప్రశ్న ఏమిటో మీకే తెలుసు, ఎప్పుడు ముగుస్తుందో కూడా మీకే తెలుసు. మీ మనసు ఎంత మంచిదైనా ఆ అమరికే పాత భయాన్ని గుర్తుచేయగలదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ ఒక పని కోసమే: తెగిపోయిన పగ్గాలను అడుగడుగునా ఎదుటివారి చేతికి తిరిగి ఇవ్వడం.

అలాగని అడగడమే నేరం అనుకోనక్కర్లేదు. ట్రామా గురించి అడిగిన అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో ఎక్కువమంది పాల్గొన్నందుకు ఆ తర్వాత పశ్చాత్తాపపడలేదని, చెప్పుకోగలిగినందుకు కొందరికి తేలికగా కూడా అనిపించిందని పరిశోధనలు చూపించాయి. కొద్దిమందికి మాత్రం నిజంగా కష్టం కలుగుతుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందే తెలియదు కాబట్టి, ప్రతి ఇంటర్వ్యూకీ ఎదురుగా ఉన్నది వారేనన్నట్టు సిద్ధపడాలి. జరిగే హాని చాలావరకు ప్రశ్నలోంచి రాదు, ముందు చేయని ఏర్పాట్లలోంచి వస్తుంది.

అడగడానికి ముందు కత్తిరించండి

ప్రశ్నావళి మొదటి డ్రాఫ్టు తీసుకుని ప్రతి ప్రశ్న పక్కనా ఒక చిన్న గడి గీయండి. దీని జవాబు రిపోర్టులో ఏ పట్టికలోకి, ఏ అధ్యాయంలోకి వెళ్తుందో అందులో రాయండి. గడి ఖాళీగా మిగిలిన ప్రశ్నని కొట్టేయండి. "ఎందుకైనా మంచిది, అడిగి పెట్టుకుందాం" అన్న ప్రశ్నలే ఈ పనిలో ఎక్కువ గాయం చేస్తాయి. ఇల్లు కోల్పోయిన కుటుంబాలకు మళ్లీ నివాసం ఎలా దొరికిందన్నది మీ అంశమైతే, ఆ రాత్రి ఎవరు ఎలా చనిపోయారో మీకు అక్కర్లేదు. వారంతట వారు చెబితే వినాలి, మీరు తవ్వకూడదు. ఆ సమాచారం ఇప్పటికే వేరే అధ్యయనంలోనో, సేవా సంస్థల రికార్డుల్లోనో ఉంటే మళ్లీ అడగడం అసలే తగదు. ఒకే విపత్తు బాధితుల దగ్గరికి నాలుగు బృందాలు వచ్చి అవే ప్రశ్నలు అడిగి వెళ్లిపోవడం అరుదేమీ కాదు. ఆ అలసటని పట్టించుకోకపోతే వారు మీకిచ్చే జవాబులు అప్పటికే అరిగిపోయిన జవాబులై ఉంటాయి.

కొలమానాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పీటీఎస్‌డీ (ట్రామా తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత) లక్షణాలను కొలిచే పీసీఎల్-5లో 20 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 80. అది స్క్రీనింగ్ కోసమే, అంటే ఎవరిని ఇంకా పరీక్షించాలో వడపోయడానికే, రోగనిర్ధారణకు కాదు. ఎక్కువ మార్కులు వచ్చినవారికి "మీకు ఫలానా జబ్బు ఉంది" అని చెప్పే అధికారం సర్వేయరుకి లేదు. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్న పెట్టారంటే దానికి "అవును" వచ్చిన రోజే ఏం చేయాలో కూడా రాసిపెట్టుకోవాలి. ఆ జవాబు కాగితం మీదే ఉండిపోయి, మూడు వారాల తర్వాత డేటా ఎంట్రీలో ఎవరి కంటోనో పడటం క్షమించరాని తప్పు. సమయానికి స్పందించే ఏర్పాటు లేకపోతే ఆ ఒక్క ప్రశ్న తీసేసిన రూపాన్ని, అంటే పీహెచ్‌క్యూ-8ని వాడండి.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. ఘటన జరిగిన తొలి రోజుల్లో నిద్రలేమి, ఉలికిపాటు, మొద్దుబారడం సహజంగా వచ్చేవే. లక్షణాలు నెలకు పైగా కొనసాగితేనే పీటీఎస్‌డీ అన్న మాట వర్తిస్తుంది. మొదటి వారాల్లో ఆ కొలమానం పట్టుకుని వెళ్తే మామూలు దుఃఖాన్నే జబ్బుగా లెక్కేస్తారు. ప్రమాదం ఇంకా కొనసాగుతున్న ఇంట్లో, కేసు విచారణ నడుస్తున్న వారంలో, సంవత్సరీకాల దగ్గర్లో ఇంటర్వ్యూలు పెట్టుకోకండి. ఆ తేదీలను ముందే స్థానికంగా అడిగి క్యాలెండర్లో కొట్టేసి ఉంచండి.

సాయం ముందు, ప్రశ్న తర్వాత

అత్యవసర పరిస్థితుల్లో లైంగిక హింసపై సమాచార సేకరణ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో విడుదల చేసిన సిఫారసుల్లో ఒకటి సూటిగా ఉంటుంది: బాధితులు తమ అనుభవం బయటపెట్టే అవకాశమున్న ఏ పనైనా మొదలుపెట్టకముందే కనీస వైద్యం, ఆసరా ఆ చోటే అందుబాటులో ఉండాలి. అవి లేవంటే పరిశోధన ఆగాలి. ఇందులో రాజీకి తావు లేదని గట్టిగా చెబుతున్నాం, ఎందుకంటే బడ్జెట్ తగ్గినప్పుడు మొట్టమొదట జారిపోయేది ఇదే.

రిఫరల్ జాబితా, అంటే సాయం అవసరమైనవారిని పంపగల చోట్ల జాబితా, ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫోన్ నంబర్ల వరస కాదు. ప్రతి నంబరుకీ మీరే ఫోన్ చేయాలి. ఎవరు ఎత్తుతారు, ఏ గంటల్లో, ఏ భాషలో మాట్లాడతారు, ఫీజు ఉందా, గుర్తింపు కార్డు అడుగుతారా, మహిళా సిబ్బంది ఉన్నారా, కొత్తవారికి అపాయింట్‌మెంట్ ఎన్ని రోజుల్లో దొరుకుతుంది అన్నవి రాసుకోవాలి. ఫీల్డ్‌వర్క్ నడిచినన్నాళ్లూ నెలకోసారి మళ్లీ సరిచూడాలి. మోగి మోగి ఆగిపోయే నంబరు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే నయం. ధైర్యం కూడగట్టుకుని చేసిన మొదటి ఫోనుకి జవాబు రాకపోతే రెండో ఫోను చేయరు.

ఆ జాబితా కాగితం కూడా ప్రమాదం తేగలదు. "గృహహింస బాధితుల సహాయ కేంద్రం" అని పెద్దక్షరాల్లో ఉన్న కరపత్రం ఇంట్లో ఎవరి కంటైనా పడితే ఏమవుతుందో ఆలోచించండి. అరచేతిలో మడిచి పట్టుకునేంత చిన్న కాగితం మీద టీకాలు, కంటి వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ అన్నీ కలిపి "ఆరోగ్య, సంక్షేమ సేవలు" అన్న పేరుతో ఇవ్వండి. అది కూడా వద్దనేవారికి నంబరును వారికి నచ్చిన పేరుతో ఫోన్లో దాచుకోవడానికి సాయపడండి. మహిళలపై హింస గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశాల్లో చేయించిన అధ్యయనం ఈ ఆలోచననే ముందుకు తీసుకెళ్లింది: బయటకు మహిళల ఆరోగ్యం, జీవితానుభవాల సర్వేగా పరిచయం చేయడం, ఒక ఇంట్లో ఒక్క మహిళనే ఇంటర్వ్యూ చేయడం. అసలు విషయం పాల్గొనే మనిషికి ఒంటరిగా ఉన్నప్పుడు పూర్తిగా చెప్పాకే ముందుకు వెళ్లాలి. ఎవరైనా హఠాత్తుగా గదిలోకి వస్తే అడగడానికి ఆహారం, నీళ్లు, పిల్లల టీకాల గురించి ఒక పేజీ మామూలు ప్రశ్నలు చేతిలో ఉంచుకోండి. "మనం టీకాల దగ్గరున్నాం కదా" అని పేజీ తిప్పే సంకేతాన్ని ముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి.

సమ్మతి ఒక సంతకం కాదు

ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో నైతికతను పరిశీలించే కమిటీ) ఆమోదం చేతికి రాగానే సమ్మతి సంగతి తేలిపోయిందని చాలా బృందాలు అనుకుంటాయి. కమిటీ చూసింది మీ కాగితాలనే. ఎదుటి మనిషి "సరే" అనడం వెనక ఏముందో చూడాల్సింది మీరు. గ్రామ పెద్దో, సేవా సంస్థ కార్యకర్తో తీసుకొచ్చి కూర్చోబెట్టిన మనిషి "కాదు" అనలేరు. తనకు వచ్చే సాయం ఆగిపోతుందేమోనన్న భయం పైకి కనబడదు. అందుకని పరిచయం చేసినవారు గదిలో ఉండకూడదు, ఎవరు ఒప్పుకున్నారో ఎవరు మానుకున్నారో వారికి తెలియకూడదు. వద్దన్నవారితో కూడా పది నిమిషాలు ఊరికే మాట్లాడి పంపితే బయట ఎవరికీ తేడా తెలియదు.

సమ్మతిని ఒక్కసారి అడిగి వదిలేయకుండా కనీసం నాలుగు చోట్ల అడగండి: ఇంటర్వ్యూకి రెండు మూడు రోజుల ముందు వివరాలు ఇచ్చినప్పుడు, కూర్చున్నాక, కష్టమైన భాగంలోకి వెళ్లేముందు, అంతా ముగిశాక. చివరిది చాలామంది వదిలేస్తారు. ఏం చెబుతారో తెలియకముందు ఇచ్చిన సమ్మతి వేరు, అంతా చెప్పాక ఇచ్చేది వేరు. "ఇందులో ఏదైనా తీసేయమంటారా?" అని అడిగితే చాలామంది ఒకటి రెండు వాక్యాలు తీసేయమంటారు, ఆ తర్వాత ఊపిరి తేలికగా పీలుస్తారు. ఎప్పటిలోగా ఇంటర్వ్యూ మొత్తం వెనక్కి తీసుకోవచ్చో తేదీతో సహా చెప్పండి. "ఎప్పుడైనా తీసుకోవచ్చు" అనేది అబద్ధం. విశ్లేషణలో కలిసిపోయాక, అచ్చయ్యాక తీయడం సాధ్యం కాదు.

గోప్యతకు ఉన్న హద్దులు మొదటే చెప్పాలి. పిల్లలపై వేధింపు, ప్రాణానికి తక్షణ ముప్పు వంటివి బయటపడితే అధికారులకు తెలియజేయాలని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. మీరు పనిచేసే చోట చట్టం ఏమంటుందో న్యాయవాదిని అడిగి ఒకటి రెండు వాక్యాల్లో రాసుకోండి. "అంతా రహస్యమే" అని చెప్పి, విన్నాక "ఇది నేను చెప్పక తప్పదు" అనడం ఆ మనిషికి జరిగిన రెండో ద్రోహం. పిల్లలతో పని అయితే పెద్దల అనుమతితో పాటు పిల్లల ఇష్టం కూడా విడిగా అడగాలి. హాని చేసింది ఆ పెద్దలే అయ్యే అవకాశం ఉంటే ఎవరి అనుమతి తీసుకోవాలో కమిటీతో ముందే తేల్చుకోవాలి.

సంతకం వల్లే ప్రమాదం ఉన్నచోట మౌఖిక సమ్మతి చాలు. సమయానికి, ప్రయాణానికి డబ్బు ఇస్తే మాటలు మొదలవకముందే చేతికివ్వండి, మధ్యలో లేచి వెళ్లినా అది వారిదేనని చెప్పండి. చివర్లో ఇస్తే, ఆ డబ్బు కోసమే కూర్చోవాల్సి వస్తుంది.

ఇక ఒక చిన్న అభ్యాసం. మొదట్లోనే ఏ బరువూ లేని ప్రశ్న ఒకటి అడగండి, "మీకు ఏ రంగు ఇష్టం?" లాంటిది. దానికి జవాబు చెప్పొద్దని, "ఇది వదిలేద్దాం" అని మాత్రం అనమని కోరండి. అనగానే "సరే" అని తర్వాతిదానికి వెళ్లిపోండి. నవ్వులాటలా ఉంటుంది కానీ, నోటితో ఒకసారి వద్దన్నాక, దానికి ఏ గొడవా జరగలేదని చూశాక, గంట తర్వాత నిజంగా వద్దనడం ఎంతో సులువవుతుంది. "కావాలంటే వదిలేయొచ్చు" అని పదిసార్లు చెప్పినా అంత పని చేయదు.

గది, కుర్చీ, గడియారం

తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీ వారిది. వారు కూర్చున్న చోటినుంచి తలుపు కనబడాలి, మధ్యలో మీరు అడ్డుగా ఉండకూడదు. గడియ పెట్టకండి. మూసి ఉంచాలా తెరిచి ఉంచాలా అని అడగండి. ఎదురెదురుగా కాకుండా కొంచెం వాలుగా కూర్చుంటే చూపు తిప్పుకోవడానికి వీలుంటుంది. నీళ్లు, టిష్యూలు చేతికి అందేంత దూరంలో పెట్టండి. కన్నీళ్లు రాగానే మీరే టిష్యూ చేతిలో పెడితే "ఇక ఏడుపు ఆపండి" అన్నట్టు వినబడుతుంది. పోలీసు స్టేషను, కోర్టు, సాయం పంచే కార్యాలయం ఉన్న భవనంలో ఇంటర్వ్యూ వద్దు. మాటలు అర్థమయ్యే వయసున్న పిల్లలు ఆ గదిలో ఉంటే ఆ రోజుకి వాయిదా వేయండి. రికార్డరు బల్లమీద కనబడేలా ఉండాలి. ఆపే బటన్ ఎక్కడుందో చూపించి, ఒకసారి వారిచేతే నొక్కించండి.

మొత్తం సమయం 60 నుంచి 90 నిమిషాలు మించకూడదు. మొదటి 15, 20 నిమిషాలు రోజువారీ బతుకు గురించి. కష్టమైన భాగం మధ్యలో. చివరి 15, 20 నిమిషాలు వర్తమానం గురించి, ఇప్పుడు ఆసరాగా ఉన్నవాటి గురించి. సమయం అయిపోతోందని చివరి భాగాన్ని కోసేయడమే తరచూ జరిగే పొరపాటు. మనిషిని బావిలోకి దించి తాడు లాగేసినట్టు అవుతుంది. సమయం చాలదనిపిస్తే మధ్యభాగంలోని ప్రశ్నలు వదిలేయండి, చివరిది వదలకండి.

మాట తీరు

"ఎందుకు"తో మొదలయ్యే ప్రశ్నలో నింద దాగి ఉంటుంది. "అక్కడే ఎందుకు ఉండిపోయారు?" అంటే "వెళ్లిపోవాల్సింది" అనే వినబడుతుంది. అదే విషయాన్ని "అప్పుడు మీ ముందు ఏయే దారులు కనిపించాయి?" అని అడిగితే మీకు కావాల్సిన సమాచారం ఇంకా నిండుగా వస్తుంది. "వెంటనే ఎవరికీ చెప్పలేదా?" బదులు "మొదట ఎవరికైనా చెప్పగలిగింది ఎప్పుడు?" అనండి. జరిగినదానికి వారు ఏ పేరు వాడితే ఆ పేరే వాడండి. వారు "ఆ గొడవ" అంటే మీరు "అత్యాచారం" అని సరిదిద్దకండి. తనను తాను బాధితురాలిగా చూసుకోని మనిషికి ఆ ముద్ర అంటించకండి.

వరస తప్పిన కథనాన్ని అనుమానించకండి. విపరీతమైన భయంలో చాలామందికి వాసన, చప్పుడు, ఒక రంగు చెక్కినట్టు గుర్తుంటాయి, ఏది ముందో ఏది వెనకో మాత్రం కలిసిపోతుంది. "ఇందాక సాయంత్రం అన్నారు, ఇప్పుడు రాత్రి అంటున్నారు" అని పట్టుకోవడం విచారణాధికారి పని. కాలక్రమం మీకు నిజంగా అవసరమైతే ఒక తెల్లకాగితం మీద గీత గీసి, ముఖ్యమైన సంగతులను నచ్చిన చోట పెట్టమని, తర్వాత మార్చుకోవచ్చని చెప్పండి.

నిశ్శబ్దం వస్తే మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఎనిమిదో తొమ్మిదో అంకె దగ్గర వారే మొదలుపెడతారు. "మీ బాధ నాకు అర్థమైంది" అనకండి, అర్థం కాలేదు కాబట్టి. "ఇది చెప్పడానికి మీకు సమయం పట్టినా పర్వాలేదు" చాలు. "ధైర్యంగా ఉండండి", "అన్నీ మంచికే", "మీకంటే కష్టపడ్డవాళ్లున్నారు" వంటివి నోట రానివ్వకండి. భుజం మీద చేయి వేయకండి.

కలవరం కనబడినప్పుడు

ఇది రెండు రూపాల్లో వస్తుంది, రెండోదాన్ని కొత్తవారు గుర్తించలేరు. మొదటిది పొంగడం: ఊపిరి పైపైన ఆడుతుంది, మాట వేగం పెరుగుతుంది, వేళ్లు వణుకుతాయి, చెమట పడుతుంది, చూపు తలుపువైపు పోతుంటుంది. రెండోది గడ్డకట్టడం: గొంతులో ఎత్తుపల్లాలు పోతాయి, చూపు ఒకచోట ఆగిపోతుంది, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎడం పెరుగుతుంది, జవాబులు ఒక్క మాటకు కుదించుకుపోతాయి. పైకి ఎంతో ప్రశాంతంగా, సహకరిస్తున్నట్టు ఉంటుంది. "ఎంత నిబ్బరంగా చెబుతున్నారో" అనుకుని ముందుకు వెళ్లిపోవడం ఇక్కడే జరుగుతుంది. క్రియాపదాలను కూడా వినండి. "వాళ్లు వచ్చారు, తలుపు కొట్టారు" అంటున్న మనిషి ఉన్నట్టుండి "వస్తున్నారు... కొడుతున్నారు" అంటే, జ్ఞాపకం చెప్పడం ఆగి మళ్లీ అందులోకి వెళ్లిపోతున్నారన్నమాట. అక్కడ వెంటనే ఆపాలి.

ఏడుపు ఒక్కటే ఆపడానికి కారణం కాదు. కన్నీళ్లు రాగానే రికార్డరు మూసేసి "ఇక చాలులెండి" అంటే మీ ఇబ్బందిని తప్పించుకున్నారు, వారి మాటని తుంచేశారు. ఆగాలా వద్దా అన్నది వారిని అడగండి. అడిగే తీరు ఇలా ఉండొచ్చు:

"ఒక్క నిమిషం ఆగుదాం. రికార్డరు ఆపాను, చూడండి. నీళ్లు ఇక్కడున్నాయి."

కాసేపు మాట్లాడకుండా ఉండండి.

"ఇప్పుడు మూడు పనులు చేయొచ్చు. కాసేపు ఊరికే కూర్చోవచ్చు. ఈ విషయం వదిలేసి వేరేది మాట్లాడుకోవచ్చు. లేదా ఈ రోజుకి ముగించేయొచ్చు. మీకు ఏది బాగుంటుంది?"

మూడు దారులు పేరుపెట్టి చెప్పడంలో ఒక ఉపయోగం ఉంది. "కొనసాగిద్దామా?" అని అడిగితే మర్యాద కోసం "ఊఁ" అనేస్తారు. మనిషి ఇంకా తేరుకోకపోతే పాదాలు నేలకు ఆనించమని, కుర్చీ చేతులను పట్టుకుని చూడమని, గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమని నెమ్మదిగా అడగండి. కళ్లు మూసుకోమనకండి, గట్టిగా ఊపిరి పీల్చమనకండి. కళ్లు మూయగానే కొందరికి ఆ దృశ్యమే ఎదుట నిలుస్తుంది, ఊపిరి మీద ధ్యాస పెడితే భయం ఇంకా పెరుగుతుంది.

అడగకుండా మీరే ఆపాల్సిన సందర్భాలూ ఉన్నాయి: తాను ఎక్కడున్నారో తెలియని స్థితి, పిలిచినా పలక్కపోవడం, చనిపోవాలన్న మాట. చివరిదాని గురించి సూటిగానే అడగాలి: "ప్రాణం తీసుకోవాలని ఆలోచిస్తున్నారా? ఎలా అని అనుకున్నారా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, దీన్ని పరిశోధనలు బలపరిచాయి. ఎలా, ఎప్పుడు అన్న జవాబు ఉంటే మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంటర్వ్యూలు జరిగే ప్రతి గంటలోనూ ఫోన్ ఎత్తే సూపర్‌వైజరు ఒకరు ఉండాలి, వారికి కౌన్సెలరుతో నేరుగా సంబంధం ఉండాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో, రవాణా ఎవరు చూస్తారో ఒక పేజీలో రాసి, ఫీల్డుకి వెళ్లేముందు అందరూ కనీసం రెండుసార్లు నటించి చూడాలి. పైన చెప్పిన అనేక దేశాల అధ్యయనంలో ఇంటర్వ్యూ చేసేవారికి మూడు వారాల శిక్షణ ఇచ్చారు. ఒక్క పూట ఓరియెంటేషన్‌తో పంపడం పాల్గొనేవారికీ, వెళ్లేవారికీ అన్యాయం.

లేచి వచ్చేముందు, వచ్చాక

"చివరి ప్రశ్న అయిపోయింది, థాంక్యూ" అని బ్యాగు సర్దుకోకండి. రికార్డరు ఆపి, ఇప్పుడెలా ఉందో, ఈ సాయంత్రం ఎవరితో ఉంటారో, ఏం చేస్తారో అడగండి. రెండు మూడు రోజులు నిద్ర సరిగా పట్టకపోవచ్చని, పాత దృశ్యాలు రావచ్చని, అది మామూలేనని, వారం దాటినా తగ్గకపోతే ఏ నంబరుకి చేయాలో చెప్పండి. మీరు కౌన్సెలర్లు కాదన్నది ఇక్కడే గుర్తుండాలి. ఘటన తర్వాత ఒక్క విడతలో అంతా చెప్పించి బరువు దించేసే పద్ధతి పీటీఎస్‌డీని ఆపలేదని, కొందరికి కీడు కూడా చేసిందని తేలింది. మీ పని వినడం, సరైన చోటికి దారి చూపడం.

రెండు మూడు రోజుల తర్వాత ఒక ఫోన్ చేస్తే మంచిది, ముందే అనుకుని మాత్రమే. ఏ వేళకి చేయాలి, వేరేవారు ఎత్తితే ఎవరని చెప్పాలి, ఏ మాట అంటే "ఇప్పుడు మాట్లాడలేను" అని అర్థం. ఇవి కాగితం మీద ఉండాలి. ఇంటర్వ్యూనే ఫోన్లో చేయాల్సి వస్తే ఈ సంకేతం మరీ అవసరం, అటువైపు స్పీకరు ఆన్ అయి ఉందో లేదో మీకు కనబడదు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలతో మొదలుపెట్టండి.

బృంద చర్చల్లో సొంత అనుభవాలు అడగకండి. అక్కడ విన్నది బయటకు పోదని మీరు హామీ ఇవ్వలేరు. "ఇలాంటి పరిస్థితిలో ఇక్కడివారు సాధారణంగా ఎవరి దగ్గరికి వెళ్తారు?" వంటి ప్రశ్నల వరకే బృందం పనికొస్తుంది.

దుబాసీ

ఇంటర్వ్యూ ఇచ్చేవారి సమాజం నుంచే వచ్చిన దుబాసీకి (మాటలు అనువదించే మనిషికి) భాష బాగా వస్తుంది, కానీ అతను ఎవరి బంధువో, ఏ పక్షమో మీకు తెలియకపోవచ్చు. అతని పేరు ఇంటర్వ్యూ ఇచ్చేవారికి ముందే చెప్పి, వారు వద్దంటే కారణం అడగకుండా మార్చండి. "ఆమె అంటోంది..." అని కాకుండా "నేను" అనే అనువదించమని, మెత్తబరచొద్దని, కలపొద్దని చెప్పండి. మీరు దుబాసీని కాకుండా ఎదుటి మనిషిని చూసి మాట్లాడండి. విన్న ప్రతి వాక్యాన్నీ మళ్లీ తన నోటితో "నేను" అని పలకాల్సినది దుబాసీయే, ఆ బరువు అతనిమీద రెండింతలు పడుతుంది.

డేటా దాచడం

పేరు, ఫోన్ నంబరు ఉన్న ఫైలు ఒకచోట, ఇంటర్వ్యూ పాఠం ఇంకోచోట, రెంటినీ కలిపే కోడు మూడోచోట, మూడింటికీ వేరు పాస్‌వర్డు. ఫోన్లో రికార్డు చేస్తుంటే ఫోటోలు, ఆడియోలు తమంతట తాము క్లౌడ్‌లోకి వెళ్లే సెట్టింగు ఆపండి, లొకేషన్ కూడా ఆపండి. ఆడియోని అక్షరాలుగా మార్చే ఉచిత యాప్‌లలో చాలావాటికి మీ ఫైలు బయటి సర్వర్‌కి వెళ్తుంది. సమ్మతి పత్రంలో అలా రాయలేదంటే వాడకండి.

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. అమెరికా జనాభాలో దాదాపు 87 శాతం మందిని పుట్టినతేదీ, లింగం, మన పిన్‌కోడ్ లాంటి ఐదంకెల జిప్ కోడ్, ఈ మూడింటితోనే గుర్తించవచ్చని 2000లో వచ్చిన ఒక విశ్లేషణ చూపింది. చిన్న ఊళ్లో ఇంకా తేలిక: "ఇద్దరు అన్నదమ్ములను ఒకే ప్రమాదంలో పోగొట్టుకున్న టీచరు" అంటే అందరికీ తెలిసిపోతుంది. వృత్తి, వయసు, బంధుత్వం, తేదీలలో విశ్లేషణకు అక్కర్లేనివి మార్చండి, మార్చినట్టు రిపోర్టులో ఒక వాక్యం రాయండి. మారుపేరు వారినే ఎంచుకోమనండి. కొందరు తమ సొంత పేరే కావాలంటారు, అది మౌనాన్ని ఛేదించే హక్కుగా చూస్తారు. ప్రమాదాలు వివరంగా మాట్లాడాక ఆ కోరికని గౌరవించండి, కానీ ఆ పేరుతో బయటపడే ఇతర కుటుంబసభ్యులనూ లెక్కలోకి తీసుకోవాలి.

వినేవారికీ బరువు పడుతుంది

ఇతరుల ట్రామాను పదేపదే వినేవారిలో వచ్చే మార్పుకు 1990లో మనస్తత్వవేత్తలు వికేరియస్ ట్రామా అని పేరుపెట్టారు. నిద్రలో వారి కథలు రావడం, లోకం మీద నమ్మకం పోవడం, లేదా ఏం విన్నా కదలకపోవడం దాని గుర్తులు. లోతైన ఇంటర్వ్యూలు రోజుకి రెండుకి మించి పెట్టకండి, రెంటి మధ్య గంట ఎడం ఉండాలి. ఇంటర్వ్యూ చేసినవారి గురించి అందరూ అడుగుతారు కానీ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే వాక్యాన్ని ఐదుసార్లు వెనక్కి తిప్పి టైపు చేసే మనిషిని ఎవరూ అడగరు. కష్టమైన రికార్డింగు ఏదో ముందే చెప్పండి, రోజంతా అవే ఇవ్వకండి, పడుకునే ముందు వాటిమీద పని చేయొద్దనండి. డ్రైవరు, దుబాసీ, డేటా ఎంట్రీ చేసేవారు కూడా వారం వారం జరిగే మాటామంతీలో ఉండాలి. దీనికయ్యే ఖర్చుని బడ్జెట్‌లో విడిగా ఒక వరసగా రాయండి. "అవసరమైతే చూద్దాం" అని వదిలితే అవసరమైనప్పుడు డబ్బు ఉండదు.

రాయడం, తిరిగి వెళ్లడం

రిపోర్టులో ఉటంకించే వాక్యం ఎంచుకునేటప్పుడు, అది వాదానికి అవసరమా లేక చదివేవారి ఒళ్లు జలదరించడానికా అని చూడండి. రెండోదైతే వదిలేయండి. అచ్చుకి ముందు ఆ వాక్యాన్ని చెప్పినవారికే చదివి వినిపించాలి, "ఇది ఇలా వస్తుంది, పర్వాలేదా?" అని అడగాలి. ఫలితాలను వారి భాషలో రెండు పేజీల్లో రాసి, చదవలేనివారికి నోటితో చెప్పడానికి మళ్లీ వెళ్లే రోజును ఫీల్డ్‌వర్క్ ప్రణాళికలోనే వేసుకోండి. వారికి ఇష్టమైతేనే వెళ్లాలి, ఇంటికి వచ్చే మనిషి ఎవరన్న ప్రశ్న ఇరుగుపొరుగు నుంచి మళ్లీ వస్తుంది కాబట్టి. ఆడియో ఏ తేదీన చెరిపేస్తామని సమ్మతి పత్రంలో రాశారో ఆ తేదీన చెరిపేయండి, చెరిపేశామని వారు ఒప్పుకున్న పద్ధతిలో ఒక చిన్న సందేశం పంపండి.